కల్లంలో దొర పడ్డ సీను

ఫిబ్రవరి 10, 2002

వెళ్ళింది. పొద్దున మొదటి బస్సుకి. వెళ్ళనీ.

అన్నం వండి, పప్పు చేసి, మజ్జిగ మీద మూత పెట్టి మరీ వెళ్ళింది. కోపంతో పుట్టింటికి పోయేవాళ్ళు వంట చేసి పోతారా? కాబట్టి ఇది కోపం కాదు. తమ్ముడు బాపయ్యను చూసి చాలా కాలమైంది, కనిగిరి వెళ్ళాలి అని కార్తీకం నుంచీ అంటూనే ఉంది. అంతే.

నిన్న సాయంత్రం జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకుంటాను. రేపు నాకు నేనే కథలు అల్లుకోకుండా ఉంటాను.

నాలుగేళ్ళ కిందట మా మిరప కల్లంలో ఇంగ్లండు వాళ్ళు తీసిన కామెడీ సీరియల్ ఎట్టకేలకు టీవీలో వచ్చింది. ఈ సంగతి ముందుగా చెప్పింది మా ఊరి కేబుల్ సిలార్. నా దగ్గర తొమ్మిదో తరగతి రెండేళ్ళు చదివినవాడు. "మాస్టారూ, శనివారం సాయంత్రం మన కల్లం టీవీలో వస్తదంటండీ" అని వీధంతా చాటాడు. వీధి వీధంతా మా వసారాలో కూర్చుంది. ఇంగ్లీషు ఎవరికీ రాదు గనక నేనే టీవీ పక్కన నిలబడి మాట మాటకీ అర్థం చెప్పాను. రిటైరైనా ఆ జబ్బు పోలేదు. వెంకటేశ్వరమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

సీరియల్లో ముసలి దొర ఒకడు ఇంగ్లండులో పచ్చళ్ళ కొట్టు నడుపుతుంటాడు. కారం నాలిక్కి తగిలితే తట్టుకోలేడు. అలాంటివాడు గుంటూరు మిరపకాయలు స్వయంగా కొనుక్కుంటానని బయలుదేరి వస్తాడు. టిక్కీలు, అదే మిరప బస్తాలు, పేర్చిన గుట్ట ఎక్కి కూలీలకు మిరపకాయల గురించి ఉపన్యాసం ఇస్తూ, జారి కాయల రాశిలో పడతాడు. అందరూ నవ్వారు. అప్పుడు చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని మా ఆవిడ తెర మీదికి పరుగెత్తుకొచ్చింది. దొరను లేపి, అవతలికి లాక్కుపోయి, గంప బోర్లించి దాని మీద కూర్చోబెట్టింది. గుప్పెడు ఎండుమిరపకాయలు తీసి దిష్టి తీసింది. ఆ కాయలు తీసుకెళ్ళి టీ పొయ్యిలో పడేసింది. పొగ కమ్మింది. తెరలో చుట్టూ ఉన్న దొరలూ దొరసానులూ దగ్గలేక చచ్చారు. టీవీలో ఎక్కడో కనబడని జనం గొల్లుమన్నారు. మా వసారా అంతకు రెట్టింపు గొల్లుమంది. నేను నాలుగేళ్ళుగా పెళ్ళిళ్ళలో చెప్పే మాటే మళ్ళీ చెప్పాను. "నటన అంటే నిజమనుకుంది, పిచ్చి మాలోకం" అన్నాను. నేనూ నవ్వాను. కామెడీ చూస్తూ ఏడవమంటారా?

ఆమె చివరిదాకా నిలబడలేదు. టీ గ్లాసులు పోగేసుకుని పెరట్లోకి పోయింది. ఈ పొద్దున సంచి పట్టుకుని మెట్లు దిగుతూ "మీరు తనివితీరా నవ్వుకోండి" అంది. మీరు అంది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ నన్ను 'ఏమయ్యా, నువ్వు' తప్ప అన్న మనిషి కాదు. అదొక్కటే కొంచెం చివుక్కుమనిపించింది.

ఫిబ్రవరి 11

పప్పు అయిపోయింది.

ఫిబ్రవరి 13

సిలార్ క్యాసెట్ తెచ్చిచ్చాడు. సీరియల్ వస్తుండగా రికార్డు చేశాడట. "మీ ఇంటి వీసీఆర్‌లో వేసుకుని ఎన్నిసార్లయినా చూసుకోండి మాస్టారూ. అమ్మగారు ఏరండీ?" అన్నాడు. ఊరెళ్ళిందన్నాను. ఎప్పుడొస్తుందని అడిగాడు. తనకు ఇంగ్లీషులో ఎన్ని మార్కులు వచ్చాయో గుర్తుచేశాను. వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం రెండుసార్లు చూశాను. ఎవరేమన్నా కామెడీ అంటే ఇంగ్లీషు వాళ్ళదే. మన సినిమాల్లో కమెడియన్ ముందు తను నవ్వి, తర్వాత పక్కవాడిని కొట్టి, అప్పటికీ మనం నవ్వకపోతే పంచె ఊడదీసుకుంటాడు. వాళ్ళు అలా కాదు. మొహంలో గీత కదలదు. ఇల్లు తగలబడుతుంటే "ఇవాళ కాస్త వెచ్చగా ఉన్నట్టుంది" అంటారు. మనవాడికి కాలికి ముల్లు గుచ్చుకుంటే పొలిమేర దాకా వినబడేట్టు అరుస్తాడు. వాళ్ళు పీకల్లోతు నీళ్ళలో మునిగి కూడా ఒడ్డున పోయేవాడిని సాయం అడగడానికి సిగ్గుపడతారు. ఆ సిగ్గులోనే ఉంది నవ్వంతా. ఈ సంగతి మా ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. షూటింగులోనూ దొర పడితే నవ్వారు గానీ, పడ్డాక అతను లేచి క్రాపు సరిచేసుకుంటే నవ్వలేదు.

ఆ దిష్టి సీనులో మాత్రం ఆయన నటనకు దణ్ణం పెట్టాలి. చుట్టూ ఊపిరాడక అంతా కళ్ళనీళ్ళు కారుస్తుంటే ఆయన ఒక్క దగ్గు దగ్గడు. గంప మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంటాడు. అక్కడే టీవీ జనం ఎక్కువ నవ్వారు.

కూర మాడింది. ఆ వాసన ఇంకా పోలేదు.

ఫిబ్రవరి 14

తీసిన రోజు సంగతి రాయాలి. నాకు తప్ప ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.

వాళ్ళు గుంటూరులో హోటల్లో దిగి, రోజూ వ్యాన్లలో వచ్చేవాళ్ళు. మా కల్లం రోడ్డు పక్కన ఉంది, కాయ మంచి రంగులో ఉంది, పైగా యజమాని ఇంగ్లీషు మాస్టారు. ఇంకేం కావాలి? నన్నే దుబాసీగా పెట్టుకున్నారు. నాకు తలపాగా చుట్టి షావుకారు వేషం కూడా ఇచ్చారు. కాయలు ఏరే ఆడవాళ్ళకు "తుమ్మకూడదు, కెమెరా వైపు చూడకూడదు, నవ్వకూడదు" అని చెప్పమన్నారు. చెప్పాను. చెప్పిన మరుక్షణం నేనే తుమ్మాను. ఘాటుకు అలవాటు పడ్డ ముక్కే గానీ, తలపాగాకి ఎవరిదో సెంటు పూసి ఉంది.

దొర పడటం సరిగ్గా కుదరలేదని మళ్ళీ మళ్ళీ గుట్ట ఎక్కించారు. ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. ప్రతిసారీ ఆయన ఎక్కేవాడు, ఉపన్యాసం చెప్పేవాడు, జారేవాడు, లేచి క్రాపు సరిచేసుకునేవాడు. ఆ మొహం ఎలా అట్టే పెట్టగలుగుతున్నాడా అని నేను రెప్ప వేయకుండా చూశాను. అంత దగ్గరగా నిలబడి అలాంటి నటన చూడటం నా జన్మలో అదే మొదలు, అదే ఆఖరు.

మధ్యలో వెంకటేశ్వరమ్మ వచ్చి ఏదో గొణిగింది. షూటింగు జరుగుతుంటే మాట్లాడకూడదని సైగ చేశాను. ఆ తర్వాతి పడటానికే ఆమె పరుగెత్తింది.

డైరెక్టరు నా వైపు తిరిగి ఏమిటిదని అడిగాడు. "మా ఆవిడండీ. ఆయన నిజంగా పడ్డాడనుకుంది. దిష్టి తగిలిందనుకుని తీస్తోంది" అని ఇంగ్లీషులో చెప్పాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు. ఆపకుండా తీస్తూనే ఉండమన్నాడు డైరెక్టరు. పొగకి కళ్ళు మండి ఆ రోజుకి సామాను సర్దేశారు. మర్నాడు దొర రాలేదు. ఎండదెబ్బ అన్నారు.

దిష్టి నిజంగా తగిలి ఉంటే కాల్చిన కాయ ఘాటు రాదంటారు కదా. ఊరు ఊరంతా దగ్గింది. కాబట్టి దిష్టీ లేదు, పాడూ లేదు. ఆ ముక్క కూడా పెళ్ళిళ్ళలో బాగా పేలేది.

ఫిబ్రవరి 16

శనివారం. సీరియల్ రాలేదు. ఏదో టెన్నిస్ ఆట పెట్టారు. మళ్ళీ మార్చి 2నే అట.

ఫిబ్రవరి 17

బాపయ్య ఫోన్ చేశాడు. క్షేమమంతా అడిగి, చివరికి "బావా, అక్క పెరట్లో వంకాయ నారు పోసింది" అన్నాడు.

"పోస్తే పోసింది" అన్నాను.

"పోస్తే పోసింది ఏంది బావా. నారు మొలిచి, నాటి, కాపుకి రావాలంటే ఎన్నాళ్ళు? 'ఇక్కడే ఉంటానురా, నాకు ఓ గది ఇయ్యి' అంటోంది. నాకేం బరువు కాదు. అయితే మీ మధ్య ఏం జరిగిందో చెప్పట్లేదు."

ఏమీ జరగలేదన్నాను. కామెడీ చూశాం, నవ్వుకున్నాం అన్నాను.

"అక్క నవ్విందా?" అన్నాడు.

లైను బాగాలేదని చెప్పి పెట్టేశాను. లైను బాగానే ఉంది.

ఫిబ్రవరి 18

హాయిగా ఉంది. ఎవరూ 'గొంతు తగ్గించు' అనరు. టీవీ పెద్దగా పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 20

పడకముందే బయలుదేరింది.

ఫిబ్రవరి 21

నిన్న ఆ ఒక్క ముక్క రాసి కలం పెట్టేశాను. ఇవాళ పొద్దుటి నుంచి మళ్ళీ చూశాను.

నిజం చెప్పాలంటే నేను ఆ క్యాసెట్ దొర కోసం వెయ్యడం లేదు. ఆమె కనబడుతుందని వేస్తున్నాను. ఇంట్లో వేరే ఎక్కడా కనబడదు. అందుకని ఆమె తెర మీదికి వచ్చేచోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వేసి చూస్తూ ఉన్నాను. బొమ్మ ఆపితే గీతలు పడి వణుకుతుంది, అయినా మనిషి తెలుస్తుంది. అలా వెనక్కి తిప్పుతుంటే, దొర ఇంకా గుట్ట మీద నిలబడి ఉపన్యాసం ఇస్తున్నప్పుడే, ఎడం చివర పచ్చచీర కదిలింది. ఆమె చేతిలో ఉన్న చేట కింద పెట్టేసింది. నడక మొదలుపెట్టింది. దొర కాలు జారేసరికి ఆమె సగం దూరం వచ్చేసింది.

పడ్డందుకు పరుగెత్తలేదు. మరి దేనికి?

అప్పుడు దొరను చూశాను. ఇన్నాళ్ళూ మొహం చూశాను, ఈసారి చేతులు చూశాను. కుడిచెయ్యి ఊపుతూ మాట్లాడుతున్నాడు. ఎడంచేతిని పొట్టకు అదిమి పెట్టుకున్నాడు. జారాక లేచి క్రాపు సరిచేసుకోలేదు. ఆ ఒక్కసారే సరిచేసుకోలేదు. ఆయన లేవలేదు, ఆమె లేపింది.

ఆమె గొణిగింది ఏమిటో నాకు గుర్తుంది. మొన్న 'ఏదో' అని ఎందుకు రాశానో. "ఏమయ్యా, ఆ పెద్దాయనకి ఒంట్లో బాగాలేదు. మొహం పాలిపోయింది, ఎడం రెక్క మాటిమాటికీ పట్టుకుంటున్నాడు. ఆపమని చెప్పు" అంది. నేను పోయి దొరను అడిగాను కూడా. "బ్రహ్మాండంగా ఉన్నాను, థాంక్యూ" అన్నాడు. వచ్చి ఆమెకు అదే చెప్పాను. "కాదు, అబద్ధం. ఆ డైరెక్టరుకి నువ్వు చెప్పు" అంది. సినిమావాళ్ళ పనిలో మనం వేలు పెట్టకూడదన్నాను.

ఇల్లు తగలబడుతుంటే వెచ్చగా ఉందనేవాళ్ళు. నేనే రాశాను పైన. వాళ్ళ సంగతి ఊళ్ళో నాకొక్కడికే తెలుసని కూడా రాశాను.

ఫిబ్రవరి 24

కనిగిరి వెళ్ళొచ్చాను. ఒంగోల్లో బస్సు మారి, పొదిలి దాటాక ఇక అన్నీ రాళ్ళూ కంపచెట్లే. బాపయ్య ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. బాపయ్య నన్ను చూసి, చొక్కా తగిలించుకుని, ఏదో పని ఉన్నట్టు బయటికి పోయాడు. ఆమె పెరట్లో నారుమడికి నీళ్ళు చిలకరిస్తోంది. వెనకాల కొండ మీద కోటగోడ ఎండకి తెల్లగా మెరుస్తోంది.

"కాళ్ళు కడుక్కో" అని చెంబు ఇచ్చింది. నువ్వు అంది. ప్రాణం లేచొచ్చింది.

దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో వల్లెవేసుకున్నాను. ఏదీ గుర్తు రాలేదు. "నువ్వు ఆయన పడకముందే బయలుదేరావు" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"క్యాసెట్‌లో చూశాను."

చెంబు నా చేతిలోంచి తీసుకుని గట్టు మీద పెట్టింది. "ఆ రోజు అక్కడే నీకు చెప్పాను. ఇంటికొచ్చాకా చెప్పాను. నాలుగేళ్ళు నువ్వు ఆ మాట ఎత్తినప్పుడల్లా 'అది కాదయ్యా' అని చెబుతూనే ఉన్నాను. నేను చెబితే నిజం కాలేదు. టీవీ చెబితే నిజమైంది" అంది.

కోపంగా అన్నా బాగుండేది. లెక్క తప్పిన పిల్లాడికి తప్పెక్కడో చూపించినట్టు అంది. నారుమడి పక్కన గట్టు మీద కూర్చున్నాను.

"ఒకటి అడుగుతాను. జబ్బని నీకు తెలుసు. తెలిసి దిష్టి ఎందుకు తీశావు?"

"ఏం చెయ్యమంటావు మరి? నాకు ఇంగ్లీషు రాదాయె. వచ్చినవాడివి నువ్వు చెప్పనంటివి. అంతమంది మగాళ్ళ మధ్య పోయి, పరాయి మనిషి రెక్క పట్టుకుని 'కూర్చో' అంటే ఊరుకుంటారా? నన్ను అవతలికి లాగేసి ఆయన్ని మళ్ళీ ఎక్కిస్తారు. దిష్టి తీస్తుంటే ఎవడూ అడ్డం రాడు. దిష్టి తీయించుకునేవాడు, ఎంతటివాడైనా, కదలకుండా కూర్చోవాల్సిందే. మూడు తిప్పులు చాలు. నేను తిప్పుతూనే ఉన్నా, ఆయన ఊపిరి కుదుటపడేదాకా."

"మరి కాయలు పొయ్యిలో వేసింది?"

"పొగొస్తే పని ఆగుద్దని."

"ఆయన మీదికి రాదా పొగ?"

నన్ను జాలిగా చూసింది. "కల్లంలో పుట్టి పెరిగాను. గాలి ఎటు నుంచి వస్తోందో తెలియదా? ఎగువన కూర్చోబెట్టాను. అందుకేగా అంతదూరం లాక్కుపోయింది" అంది.

ఒక్క దగ్గు దగ్గలేదు, ఏం నటన అని పది రోజుల కిందట ఇదే పుస్తకంలో రాశాను.

అన్నం పెట్టింది. వంకాయ కూర. నేను తింటుండగా "ఇంతకీ ఆయన ఎలా ఉన్నాడు?" అని అడిగింది. తెలియదన్నాను. ఆ సీను కొన్ని వందల మందికి చెప్పి ఉంటాను. ఆయన బతికున్నాడో లేడో అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"ఇంటికి రా" అన్నాను.

"నారు మొలిచిందిగా. పీకి పారేసి వస్తానా?"

బస్సెక్కేటప్పుడు, శనివారం తర్వాతి భాగం వస్తుందనీ, మన కల్లంలో షూటింగ్ అయ్యాక ఇంగ్లండులో తీసినదనీ, ఆయన ఉంటే అందులో కనబడతాడనీ చెప్పాను. బాపయ్యకి కేబుల్ లేదు.

ఫిబ్రవరి 27

రాలేదు.

మార్చి 1

వసారా ఊడ్చాను. ఊరికే.

మార్చి 2

మధ్యాహ్నం బస్సుకి దిగింది. "నీ కోసం రాలేదు. ఆ పెద్దాయన్ని చూద్దామని వచ్చాను" అంది. సంచి వసారాలోనే, గుమ్మం పక్కన పెట్టింది. లోపలికి తీసుకుపోలేదు. నేను దాని వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాను.

సాయంత్రం వీధంతా మళ్ళీ వచ్చింది. సిలార్ తీగ సరిచేస్తూ "ఏం అమ్మగారూ, ఈసారి ఏం కాలుస్తారండీ?" అన్నాడు. వాడి తప్పేం లేదు. నేను నేర్పిన పాఠమే అది.

లేచి నిలబడ్డాను. "ఆ రోజు ఆమె నటనను నిజమనుకోలేదు. ఆయన ప్రాణం మీదికి వస్తోందని మన అందరిలో ఆమె ఒక్కతే చూసింది. వాళ్ళతో చెప్పమని నన్ను అడిగింది. నేను చెప్పలేదు. చెప్పే దారిలేక దిష్టి తీసి ఆపింది. నాలుగేళ్ళు నేను మీకు చెప్పిందంతా తప్పు" అన్నాను.

సిలార్ తీగ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"సరేలే, టీవీ పెట్టు. మొదలైపోద్ది" అంది వెంకటేశ్వరమ్మ.

ఉన్నాడు. చిక్కిపోయాడు, మెడ దగ్గర చొక్కా వదులైంది, కానీ ఉన్నాడు. తన పచ్చళ్ళ కొట్టులో బల్ల వెనక కుర్చీలో కూర్చున్నాడు. మొదటి నుంచి చివరిదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆమె గుమ్మం వదిలి వచ్చి అందరికంటే ముందు కూర్చుంది. నేను అలవాటు కొద్దీ అర్థం చెప్పబోయాను. "చెప్పకు. మొహం కనబడుతోందిగా" అంది. కొంచెం సేపయ్యాక "కూర్చోబెట్టారు. మంచిపని" అని తనలో తను అనుకుంది.

చివరిలో ఒక గయ్యాళి దొరసాని కొట్టులోకి వచ్చి ఆయన్ని చడామడా తిట్టి తలుపు ధడాలున వేసి పోయింది. దొర మొహంలో గీత కదలలేదు. గోడకు వేలాడుతున్న దండలోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తెంపాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని తన తల చుట్టూ తనే తిప్పుకోవడం మొదలుపెట్టాడు. తిప్పుతూనే ఉన్నాడు. ఆపలేదు. టీవీ జనం నవ్వుతూనే ఉన్నారు.

మా వసారాలో ఒక్కరు నవ్వితే ఒట్టు. అందరూ ఆమె వైపు చూస్తున్నారు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను.

"తిరగేసి తిప్పుతున్నాడయ్యా" అంది, ఊపిరి అందక. "ఎడం నుంచి తిప్పుతున్నాడు. ఎవరికి తగులుద్దో ఏమో ఆ దిష్టి. ఎన్నేళ్ళొచ్చి ఏం లాభం, పిచ్చి మాలోకం."

అప్పుడు నవ్వారు అందరూ. ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ పిచ్చి మాలోకం అన్నప్పుడు టీవీ వైపు కాదు, నా వైపు చూసింది.

మార్చి 3

సంచి విప్పింది. తడిగుడ్డలో చుట్టిన కనిగిరి వంకాయ నారు, మొత్తం పీక్కొచ్చింది. ఎండెక్కేలోపు పెరట్లో పాదులు తియ్యమంది. రాయడానికి తీరిక లేదు.